సిస్టమ్ కాన్ఫిగరేషన్ స్ట్రింగ్‌లను సీ ప్రోగ్రాములో చదవడానికి ఏ దారి మేలు?

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద, ఏరేటర్ల మోటార్లను నడిపే చిన్న లైనక్స్ బోర్డు ఒకటి పెట్టెలో బిగించి ఉందనుకుందాం. నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే రైతులు డీవో అని పిలిచేది, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగగానే మోటార్లను తిప్పడం, యజమాని ఫోనుకు సందేశం పంపడం దాని పని. ఈ పని చేసే సీ ప్రోగ్రాము మొదలవగానే కొన్ని స్ట్రింగ్‌లను చదువుకోవాలి: బోర్డు హోస్ట్ పేరు, సహాయక ప్రోగ్రాములను వెతకవలసిన పాత్ (డైరెక్టరీల జాబితా), సీ లైబ్రరీ వెర్షన్, బోర్డు మోడల్, చెరువు పేరు, డీవో కనిష్ఠ పరిమితి, సందేశం వెళ్లవలసిన ఫోను నంబరు. వీటిలో కొన్ని సిస్టమ్ తానుగా చెప్పేవి, కొన్ని కెర్నల్ చూపించేవి, కొన్ని మనుషులు రాసి పెట్టేవి. ఒక్కో రకానికి ఒక్కో ఫంక్షన్ ఉంది. విలువ లేదని, చోటు చాలలేదని, పేరు తప్పని చెప్పే పద్ధతి మాత్రం ఏ రెండు ఫంక్షన్లలోనూ ఒకేలా ఉండదు.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంజనీరింగ్ చదివి, సీ భాష బాగానే వచ్చి, ఇప్పుడిప్పుడే ఇటువంటి పరికరాల మీద చేయి పెడుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలికను రాస్తున్నాను. కళాశాల ల్యాబులో 100 బైట్ల బఫర్ ఒకటి ప్రకటించి, అందులోకి ఏదో ఒకటి చదివి, తెర మీద చూపించడంతో పని అయిపోతుంది. చెరువు గట్టు మీది బోర్డు పక్కన రాత్రి రెండు గంటలకు తెర చూసేవారెవరూ ఉండరు కాబట్టి, తప్పు విలువ వచ్చినప్పుడు ప్రోగ్రాము తానే దాన్ని గుర్తించి, తోసిపుచ్చి, నమ్మదగిన మరో విలువతో నడవగలగాలి.

ఏ దారిని ఎంచుకోవాలన్నా ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఈ స్ట్రింగ్‌ను ఎవరెవరు మార్చగలరు? దీని పొడవు ఎంతో మనకు ముందే చెప్పేవారున్నారా? కోడు ఎన్ని వరుసల్లో పూర్తవుతుందన్నది మూడో ప్రశ్న మాత్రమే. చాలామంది దానితోనే మొదలుపెడతారు.

సిస్టమ్‌నే అడగడం: కాన్ఫ్‌స్టర్

యూనిక్స్ తరహా సిస్టములకు ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణంలో కాన్ఫ్‌స్టర్ అనే ఫంక్షన్ ఉంది. మనకు కావలసిన విలువకు సంబంధించిన స్థిరాంకాన్ని, ఒక బఫర్‌ను, దాని పరిమాణాన్ని ఇస్తే, సీ లైబ్రరీ తన దగ్గరున్న స్ట్రింగ్‌ను అందులో నింపుతుంది. ప్రామాణిక ఉపకరణాలన్నీ దొరికే పాత్ దీనితో తెలుస్తుంది; జీలిబ్‌సీ (లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ) ఉన్న సిస్టముల్లో లైబ్రరీ వెర్షన్, మ్యాక్‌ఓఎస్‌లో వాడుకరికి కేటాయించిన తాత్కాలిక డైరెక్టరీ కూడా ఇదే చెబుతుంది. అడగగలిగే విలువల జాబితా చిన్నది. చెరువు పేరు, ఫోను నంబరు వంటివి ఇందులో ఉండవు. ఉన్నంతలో మాత్రం పై రెండు ప్రశ్నలకూ మంచి జవాబు ఇచ్చేది ఇదే, ఎందుకంటే ప్రోగ్రామును మొదలుపెట్టినవారెవరూ ఈ విలువను ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దానికి అందే పేరు-విలువల జాబితా) ద్వారా మార్చలేరు, పొడవు ఎంతో అడిగితే ముందే చెబుతుంది.

దీన్ని రెండుసార్లు పిలవాలి. మొదటిసారి బఫర్ స్థానంలో నల్ పాయింటర్, పరిమాణం స్థానంలో సున్నా ఇస్తే ఎంత చోటు కావాలో చెబుతుంది. అంత చోటు మాలాక్‌తో తీసుకుని రెండోసారి పిలిస్తే విలువ వస్తుంది. విస్తళ్లు ఎన్ని లేస్తాయో కనుక్కుని బియ్యం కొలిచినట్టన్నమాట. జీలిబ్‌సీ ఇచ్చే ప్రామాణిక పాత్‌లో బిన్, దాని తర్వాత కోలన్, ఆ తర్వాత యూఎస్ఆర్ కింది బిన్ ఉంటాయి. పేర్ల ముందున్న స్లాష్‌లతో కలిపి రోమన్ లిపిలో ఇది 13 బైట్లు. కాన్ఫ్‌స్టర్ మాత్రం 14 అని చెబుతుంది, ఎందుకంటే చివరి నల్ బైటును కూడా తానే కలిపి చెబుతుంది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఇచ్చే సంఖ్యలో నల్ కలవదు. అందువల్ల విలువ తెగిందో లేదో చూడడానికి కాన్ఫ్‌స్టర్ విషయంలో వచ్చిన సంఖ్య బఫర్ పరిమాణం కంటే ఎక్కువా అని పరీక్షించాలి. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ విషయంలో ఎక్కువా లేక సమానమా అని పరీక్షించాలి. ఈ రెండు ఫంక్షన్లనూ ఒకే ఫైల్‌లో వాడినప్పుడు ఈ ఒక్క గుర్తు తేడాను కోడు సమీక్షలో ప్రత్యేకంగా చూడవలసి ఉంటుంది.

తెగిన విలువను కొంచెం పొట్టి విలువ అనుకుని వదిలేయకూడదని చెప్పడానికి పై పాత్‌ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 10 బైట్ల బఫర్ ఇస్తే అందులో 9 బైట్లు పడతాయి, రెండో డైరెక్టరీ యూఎస్ఆర్ దగ్గర ఆగిపోతుంది. అది నిజంగా ఉన్న డైరెక్టరీయే. చూడడానికి లోపమేమీ కనబడదు, ప్రోగ్రాములు మాత్రం అందులో దొరకవు. 6 బైట్ల బఫర్ ఇస్తే పరిస్థితి ఇంకా చెడ్డది: బిన్ తర్వాతి కోలన్‌తో విలువ ముగుస్తుంది, పాత్ చివర కోలన్ మిగిలితే దాని అర్థం ప్రస్తుత డైరెక్టరీలో కూడా వెతకమని. అంటే చోటు చాలకపోవడం వల్ల వచ్చిన లోపం, ఎవరైనా ఆ డైరెక్టరీలో పెట్టిన ప్రోగ్రామును రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారమున్న వాడుకరి) హక్కులతో నడిపించే దారిగా మారుతుంది. ఇన్ని జరిగినా కాన్ఫ్‌స్టర్ తప్పు జరిగిందని చెప్పదు, స్ట్రింగ్‌కు నల్‌తో సక్రమంగా ముగింపు పెడుతుంది. వచ్చిన సంఖ్యను మీరు చూడకపోతే మరెవరూ చూడరు.

సున్నా తిరిగి వస్తే దానికి రెండు అర్థాలున్నాయి. మీరు ఇచ్చిన స్థిరాంకం ఆ సిస్టమ్‌కు తెలియకపోతే సున్నా ఇచ్చి, లోపం సంఖ్యను దాచే ఎర్‌నోలో ఈఇన్వాల్, అంటే చెల్లని విలువ అన్న సంకేతం, పెడుతుంది; స్థిరాంకం తెలిసినదే అయినా దానికి విలువ లేకపోతే సున్నా ఇచ్చి ఎర్‌నోను ముట్టుకోదు. రెండింటినీ వేరు చేయాలంటే పిలవడానికి ముందు ఎర్‌నోను సున్నా చేసుకోవాలి. చలామణిలో ఉన్న నమూనా కోడుల్లో ఈ సున్నా పరీక్షే ఉండదు: వచ్చిన సంఖ్యను నేరుగా మాలాక్‌కు ఇస్తారు. మాలాక్‌కు సున్నా ఇస్తే నల్ కాని పాయింటర్ రావచ్చు, కాబట్టి నల్ పరీక్ష దాటిపోతుంది. రెండో పిలుపు ఏమీ రాయదు. ఆ తర్వాత ముద్రించేది ఎవరూ నింపని జ్ఞాపకాన్ని. డెస్క్‌టాప్ మీద ఈ లోపం బయటపడదు. రౌటర్ల మీద నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ఆల్పైన్ వంటివి జీలిబ్‌సీ బదులు మసల్ అనే చిన్న లైబ్రరీని వాడతాయి; అక్కడ జీలిబ్‌సీ వెర్షన్ ఎంతని అడిగితే సున్నాయే వస్తుంది. చెరువు గట్టు మీదికి ఇటువంటి చిన్న సిస్టములే ఎక్కువగా సరిపోతాయి కనుక ఈ పరీక్షను వదలకూడదు.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: గెట్‌ఎన్వ్, సెక్యూర్ గెట్‌ఎన్వ్

అందరికీ ముందుగా చేతికి తగిలేది గెట్‌ఎన్వ్. ఒక్క పిలుపుతో పాయింటర్ వస్తుంది, బఫర్ గొడవ లేదు, మాలాక్ లేదు. ఆ సుఖానికి తగిన ఖరీదు ఉంది. ప్రోగ్రామును ఎవరు మొదలుపెడితే వారే ఈ స్ట్రింగ్‌లను రాస్తారు. పొడవుకు హద్దు మీరు పెట్టినది కాదు. 4 కిలోబైట్ల పేజీలున్న లైనక్స్‌లో ఒక్క స్ట్రింగ్ 128 కిలోబైట్ల దాకా ఉండవచ్చు, కాబట్టి దాన్ని 256 బైట్ల బఫర్‌లోకి స్టర్‌కాపీతో దించుకునే కోడు ఎప్పుడో ఒకప్పుడు జ్ఞాపకాన్ని తొక్కేస్తుంది. పైగా వచ్చిన పాయింటర్ మీ సొంతం కాదు. మరో థ్రెడ్ సెట్‌ఎన్వ్ పిలిస్తే అది చూపే చోటు మీ కాళ్ల కింద నుంచి జారిపోవచ్చు. రస్ట్ భాష తన 2024 ఎడిషన్‌లో ఎన్విరాన్‌మెంట్‌ను మార్చే ఫంక్షన్‌ను అన్‌సేఫ్‌గా ప్రకటించడానికి కారణం ఇదే.

ఎన్విరాన్‌మెంట్ చదవడంలో పొరపాటు అనుభవం లేనివారికే జరుగుతుందనుకోవద్దు. 2023 అక్టోబరులో బయటపడిన లోపాన్ని చూడండి: జీలిబ్‌సీ ట్యూనబుల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చదివేటప్పుడు, ఒకే పేరును రెండు సమానం గుర్తులతో కలిపి రాసిన విలువ ఎదురైతే ప్రోగ్రాముకు లైబ్రరీలను జతచేసే జీలిబ్‌సీ డైనమిక్ లోడరే బఫర్‌ను దాటి రాసేసింది. స్థానిక వాడుకరి రూట్ హక్కులు పొందడానికి ఆ దారి సరిపోయింది. అంతకు ముందు 2014 సెప్టెంబరులో బ్యాష్ షెల్, ఎన్విరాన్‌మెంట్‌లో వచ్చిన స్ట్రింగ్ చివరి భాగాన్ని ఆజ్ఞగా భావించి నడిపించిన సంగతి తెలిసిందే. మొదటిది పొడవు లెక్క తప్పడం, రెండోది పరాయి మాటను ఆజ్ఞగా తీసుకోవడం.

మీ ప్రోగ్రాము సెట్‌యూఐడీ హక్కులతో, అంటే నడిపినవారివి కాక ఫైలు యజమాని హక్కులతో, నడుస్తున్నా, ఫైల్ కేపబిలిటీలతో అదనపు అధికారం పొందినా గెట్‌ఎన్వ్ బదులు సెక్యూర్ గెట్‌ఎన్వ్ వాడాలి. జీలిబ్‌సీ 2.17 నుంచి ఉన్న ఈ ఫంక్షన్, అటువంటి సందర్భాల్లో వేరియబుల్ ఉన్నా లేనట్టే నల్ ఇస్తుంది. అయితే ఇది అన్నింటికీ మందు కాదు: బోర్డు బూట్ అయినప్పుడు రూట్‌గానే మొదలైన సర్వీసుకు హక్కులు మధ్యలో పెరగవు కాబట్టి, అక్కడ ఈ రెండు ఫంక్షన్లకూ తేడా ఉండదు. ఎన్విరాన్‌మెంట్‌ను లాగ్ వివరాల స్థాయి, పరీక్షల కోసం మార్చే ఫైల్ పేరు వంటి, తప్పినా మోటారు ఆగని విషయాలకే వాడుకోవడం మంచిది. వాడేచోట కూడా ప్రోగ్రాము మొదట్లో, ఇంకా థ్రెడ్లు పుట్టకముందే చదివి, పొడవు కొలిచి, సొంత ప్రతి తీసుకుని, ఆ తర్వాత ఆ వైపు చూడకూడదు. నల్ రావడానికీ ఖాళీ స్ట్రింగ్ రావడానికీ తేడా ఉందని, మొదటిది వేరియబుల్ లేకపోవడం, రెండోది ఉండి ఖాళీగా ఉండడమని గుర్తుంచుకోవాలి.

హోస్ట్ పేరు

దీనికి గెట్‌హోస్ట్‌నేమ్, యూనేమ్ అని రెండు దారులున్నాయి. నేను యూనేమ్ వైపే మొగ్గుతాను. గెట్‌హోస్ట్‌నేమ్ విషయంలో పేరు బఫర్‌లో పట్టకపోతే చివర నల్ ఉంటుందో లేదో పోసిక్స్ తేల్చి చెప్పలేదు. జీలిబ్‌సీ లోపమని తిరిగి చెబుతుంది, కానీ అన్ని లైబ్రరీలూ అలాగే చేస్తాయని అనుకోనక్కరలేదు. యూనేమ్ మాత్రం పరిమాణం ముందే తేలిన స్ట్రక్చర్‌ను నింపుతుంది, లైనక్స్‌లో ఒక్కో ఫీల్డు 65 బైట్లు, ప్రతిదానికీ నల్ ముగింపు ఉంటుంది. గెట్‌హోస్ట్‌నేమ్ వాడక తప్పకపోతే బఫర్‌ను 256 బైట్లుగా ప్రకటించి, చివరి బైటులో నల్‌ను మీరే పెట్టండి.

కెర్నల్ చూపించే ఫైళ్లు: ప్రాక్, సిస్

బీఎస్‌డీ, మ్యాక్‌ఓఎస్ సిస్టముల్లో ఇటువంటి వివరాలకు సిస్‌కంట్రోల్ కుటుంబంలోని ఫంక్షన్లు వాడతారు. లైనక్స్‌లో ఆ పేరుతో ఉన్న సిస్టమ్ కాల్‌ను 5.5 కెర్నల్‌లో తీసివేశారు, జీలిబ్‌సీ కూడా 2.32 నుంచి దాన్ని వదిలేసింది. పాత పాఠాల్లో అది కనిపిస్తే పక్కన పెట్టి, ప్రాక్, సిస్ డైరెక్టరీల కింది ఫైళ్లనే చదవాలి.

ఇవి పేరుకు ఫైళ్లే గాని డిస్కు మీద ఉండవు. ప్రాక్ కింది చాలా ఫైళ్లకు ఎఫ్‌స్టాట్ సున్నా పరిమాణం చెబుతుంది. ఆ సంఖ్యను నమ్మి బఫర్ తీసుకుంటే ఏమీ చదవలేరు. పరిమాణంతో పని లేకుండా, మీరు నిర్ణయించుకున్న హద్దు దాకా, రీడ్ సున్నా ఇచ్చేవరకు చదువుకుంటూ పోవడమే సరైన పద్ధతి. సిస్ కింది విలువల చివర సాధారణంగా కొత్త వరుస గుర్తు ఉంటుంది, దాన్ని తీసివేయాలి. బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వర్ణించే డివైస్ ట్రీలో మోడల్‌ను చెప్పే ఫైలు దీనికి పూర్తిగా భిన్నం: అందులో కొత్త వరుస ఉండదు, చివర నల్ ఉంటుంది. అదే చోట ఉండే కంపాటిబుల్ అనే ఫైలులో అనేక స్ట్రింగ్‌లు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో నల్ బైట్లతో పేర్చి ఉంటాయి. దాన్ని మామూలు స్ట్రింగ్ అనుకుని స్టర్‌లెన్‌కు ఇస్తే మొదటి పేరు మాత్రమే కనబడుతుంది. రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు మీద ఈ రెండు ఫైళ్లనూ హెక్స్ డంప్‌లో ఒకసారి చూస్తే విషయం వెంటనే బోధపడుతుంది.

ప్రాక్ కింది సింబాలిక్ లింకులను చదివే రీడ్‌లింక్ ఫంక్షన్ చివర నల్ పెట్టదు, ఎన్ని బైట్లు రాసిందో మాత్రమే చెబుతుంది. బఫర్ పరిమాణం కంటే ఒకటి తక్కువ చెప్పి పిలిచి, వచ్చిన సంఖ్య ఆ తగ్గించిన పరిమాణానికి సమానమైతే తెగిందని భావించి, పెద్ద బఫర్‌తో మళ్లీ పిలవాలి.

సొంత కాన్ఫిగరేషన్ ఫైలు

చెరువు పేరు, డీవో పరిమితి, ఫోను నంబరు ఉండవలసినది ఈటీసీ డైరెక్టరీలో రూట్ యజమానిగా, ఇతరులెవరూ రాయలేని ఫైలులో. ఎంపికలన్నింటిలోకీ ఎక్కువ శ్రమ పెట్టించేది ఇదే. మనుషులు చేత్తో రాసే ఫైలు కాబట్టి ఇందులోకి ఏదైనా రావచ్చు: విండోస్ నుంచి వచ్చిన వరుసల చివర అదనపు క్యారేజ్ రిటర్న్, ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు, ఇంగ్లిష్ పేరు పక్కన తెలుగు వ్యాఖ్య, ముగింపు వరుస గుర్తు లేని ఆఖరి వరుస.

వరుసలు చదవడానికి ఎఫ్‌గెట్స్, గెట్‌లైన్ రెండూ వాడుకలో ఉన్నాయి. ఎఫ్‌గెట్స్ బఫర్‌ను ఎన్నడూ దాటదు, అది దాని గొప్ప. దాని లోపం, వరుస బఫర్ కంటే పొడవైతే సగం ఇచ్చి, మిగిలిన సగాన్ని తర్వాతి పిలుపులో కొత్త వరుసలాగా ఇవ్వడం. తెలుగులో రాసుకునేవారికి ఇది ఇంగ్లిష్ వారికంటే త్వరగా తగులుతుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు. దగ్గర నుంచి చూద్దాం. బఫర్ 64 బైట్లు. యజమాని పాత పరిమితిని కొట్టివేయాలని, వరుస మొదట హ్యాష్ గుర్తు పెట్టి, దానికి ఆనించి “ఎండాకాలంలో వాడిన విలువ” అని రాసి, ఒక ఖాళీ వదిలి, డీవో కీ, సమానం గుర్తు, 2 అని ఉంచారనుకోండి. హ్యాష్ ఒక బైటు, “ఎండాకాలంలో” 10 సంకేతాలు, 30 బైట్లు, ఖాళీ ఒకటి, “వాడిన” 15, ఖాళీ ఒకటి, “విలువ” 15. మొత్తం 63. ఎఫ్‌గెట్స్ 64 బైట్ల బఫర్‌లో నల్‌కు చోటు ఉంచి సరిగ్గా 63 బైట్లే చదువుతుంది. అది హ్యాష్‌తో మొదలైంది కాబట్టి ప్రోగ్రాము దాన్ని వ్యాఖ్యగా వదిలేస్తుంది. తర్వాతి పిలుపులో వచ్చేది ఒక ఖాళీ, ఆ వెంటనే డీవో పరిమితి 2. హ్యాష్ లేదు, ఖాళీని తీసేశాక వరుస నిక్షేపంగా ఉంది, కొట్టివేసిన విలువ అమలులోకి వచ్చింది. బఫర్ దాటలేదు, ప్రోగ్రాము కూలలేదు, కంపైలర్ హెచ్చరించలేదు. ఆక్సిజన్ 2కు పడిపోయేదాకా మోటార్లు తిరగవు.

ఇందుకు విరుగుడు, ఎఫ్‌గెట్స్ ఇచ్చిన ప్రతి ముక్క చివర కొత్త వరుస గుర్తు ఉందో లేదో చూడడం. గుర్తు లేకపోయినా, అక్కడితో ఫైలు ముగిసిపోయిందని తేలితే అది ఆఖరి వరుస, స్వీకరించవచ్చు. గుర్తూ లేక, ఫైలూ ముగియకపోతే వరుస పొడవెక్కువైందని అర్థం. ఆ వరుస చివరిదాకా పారబోసి, లాగ్‌లో రాసి, ఫైలు మొత్తాన్నే తిరస్కరించడం మేలు. గెట్‌లైన్ అయితే వరుస ఎంత పొడవున్నా చోటు తానే పెంచుకుంటుంది, పొడవును విడిగా చెబుతుంది, కాబట్టి మధ్యలో నల్ బైటు దూరినా పట్టుకోవచ్చు. దానికి హద్దు లేకపోవడమే దాని చిక్కు: వరుస గుర్తే లేని 100 మెగాబైట్ల ఫైలు ఎదురైతే చిన్న బోర్డు జ్ఞాపకమంతా తినేస్తుంది. ఎఫ్‌స్టాట్‌తో పరిమాణం చూసి 64 కిలోబైట్లు దాటిన ఫైలును ముందే తోసిపుచ్చి, ఆ తర్వాత గెట్‌లైన్ వాడడం నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి. ఈ పరిమాణ పరీక్షను ఫైలు పేరు మీద కాక, తెరిచిన డిస్క్రిప్టర్ మీదనే చేయాలి, లేకపోతే పరీక్షకూ తెరవడానికీ మధ్య ఫైలు మారిపోయే అవకాశం ఉంటుంది.

సంఖ్యగా మార్చేచోట ఏటాయ్, ఏటాఫ్‌లను వాడకూడదు, ఎందుకంటే అక్షరాలు రాసినా అవి నిశ్శబ్దంగా సున్నా ఇస్తాయి. స్టర్‌టాడీ ఎక్కడ ఆగిందో చెబుతుంది కాబట్టి, అది వరుస చివరే ఆగిందా అని చూడవచ్చు. అయితే స్టర్‌టాడీ నాన్ అనే మాటను, అంటే సంఖ్య కానిదాన్ని సూచించే విలువను కూడా స్వీకరిస్తుంది. నాన్‌తో తక్కువా, ఎక్కువా, సమానమా అన్న ఏ పోలికైనా అబద్ధమే అవుతుంది. 1 కంటే తక్కువైతేనో 10 కంటే ఎక్కువైతేనో తిరస్కరించు అని రాసిన పరీక్షను నాన్ దాటిపోతుంది, ఆ తర్వాత ఆక్సిజన్ పరిమితి కంటే తక్కువా అన్న ప్రశ్నకు ఎప్పటికీ అవునన్న జవాబు రాదు. 1కీ 10కీ మధ్య ఉంటేనే స్వీకరించు అని తిప్పి రాస్తే నాన్ బయటే ఉండిపోతుంది.

కరెంటు పోయే ఊళ్లలో ఫైలు సగం రాసి ఉండగా బోర్డు ఆగిపోవడం కూడా లెక్కలో పెట్టుకోవాలి. మార్పులు రాసే ప్రోగ్రాము కొత్త విలువలను అదే డైరెక్టరీలో మరో ఫైలుగా రాసి, ఎఫ్‌సింక్ చేసి, తర్వాత రీనేమ్‌తో పాత ఫైలు స్థానంలో పెడితే చదివేవారికి పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా కనబడుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఫైలును షెల్ స్క్రిప్టులాగా సోర్స్ చేసి విలువలను ఎన్విరాన్‌మెంట్‌లో పెడితే సరిపోదా అనేవారున్నారు. అప్పుడు ఆ ఫైలులో రాసిన ప్రతి మాటా రూట్ హక్కులతో నడిచే ఆజ్ఞ అవుతుంది; ఆ సలహాను నేను అసలు ఒప్పుకోను.

నకలు చేసే ఫంక్షన్లు

ఎక్కడి నుంచి చదివినా, చివరికి స్ట్రింగ్‌ను ఒక బఫర్ నుంచి మరో బఫర్‌కు మార్చక తప్పదు. స్టర్‌ఎన్‌కాపీ పేరులో ఎన్ ఉంది కదా అని దాన్ని క్షేమమైనదిగా భావించడం పాత అలవాటు. మూలం పొడవైతే అది చివర నల్ పెట్టదు. మూలం చిన్నదైతే మిగిలిన చోటంతా నల్‌తో నింపుతుంది. “ఇందుకూరుపేట” అన్న పేరు కంటికి ఆరు అక్షరాలు, యూనికోడ్‌లో 11 సంకేతాలు, జ్ఞాపకంలో 33 బైట్లు, నల్‌తో 34. దాన్ని 32 బైట్ల బఫర్‌లోకి స్టర్‌ఎన్‌కాపీ చేస్తే చివరి “ట”లో రెండు బైట్లే పడతాయి, నల్ పడదు. ఆ తర్వాత స్టర్‌లెన్ పిలిస్తే అది బఫర్ దాటి పక్క జ్ఞాపకంలోకి నడిచిపోతుంది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ గాని స్టర్‌ఎల్‌కాపీ గాని నల్ పెడతాయి, కావలసిన పొడవెంతో చెబుతాయి. “ట” మాత్రం ఒక బైటుగా మిగిలి, ఆ స్ట్రింగ్ చెల్లని యూటీఎఫ్-8 అవుతుంది, దాన్ని సందేశంలో పంపితే పేరు చివర ప్రశ్నార్థకమో డబ్బానో కనబడుతుంది. పై రెండు బిట్లు 10గా ఉన్న బైట్లను వెనక్కి దాటుకుంటూ వెళ్లి అక్షరం మొదట్లో కోయవచ్చు గాని, అప్పుడు “ఇందుకూరుపే” అనే ఊరు మిగులుతుంది. పేరును కోయడం కంటే, పట్టలేదని తిరస్కరించడమే సరి.

స్టర్‌ఎల్‌కాపీ జీలిబ్‌సీలో 2023లో వచ్చిన 2.38 వెర్షన్ నుంచే ఉంది. పాత డిస్ట్రిబ్యూషన్ వాడుతున్న బోర్డులకు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ సులువైన ఎంపిక. అప్పుడు ఫార్మాట్ స్ట్రింగ్ స్థానంలో కాన్ఫిగరేషన్ నుంచి వచ్చిన స్ట్రింగ్‌ను నేరుగా ఇవ్వకూడదు, శాతం-ఎస్ ద్వారానే ఇవ్వాలి. స్టర్‌ఎల్‌కాపీకి ఇచ్చే మూలానికి నల్ ముగింపు ఉండి తీరాలి, ఎందుకంటే పొడవు చెప్పడానికి అది మూలాన్ని చివరిదాకా నడుస్తుంది. డివైస్ ట్రీ నుంచో రీడ్‌లింక్ నుంచో వచ్చిన బైట్లను దానికి అలాగే అప్పగించకూడదు. కెర్నల్ డ్రైవర్లు రాసేవారికి ఈ చర్చ అక్కరలేదు: 6.8 కెర్నల్‌లో స్టర్‌ఎల్‌కాపీని తీసివేశారు, అక్కడ స్టర్‌ఎస్‌కాపీ వాడాలి, అది తెగితే రుణసంఖ్య ఇస్తుంది. పొడవు ముందే తెలిసినచోట మెమ్‌కాపీ చేసి నల్‌ను స్వయంగా పెట్టడంలో తప్పేమీ లేదు.

ఏ సందర్భానికి ఏది

విడవలూరు బోర్డు దగ్గరకు వస్తే, సహాయక ప్రోగ్రాములను వెతికే పాత్‌ను కాన్ఫ్‌స్టర్‌తో తీసుకుంటాను; సహాయక ప్రోగ్రాము ఒక్కటే అయితే పాత్ వెతుకులాటే మానేసి పూర్తి చిరునామా కోడులో రాస్తాను. హోస్ట్ పేరుకు యూనేమ్. మోడల్‌కు డివైస్ ట్రీ ఫైలు, అదీ లాగ్‌లో రాయడానికే గాని నిర్ణయాలకు కాదు. చెరువు పేరు, పరిమితి, ఫోను నంబరు ఈటీసీ ఫైలు నుంచి. అది చదవడం కుదరకపోతే పరిమితి 4గా తీసుకుని మోటార్లను నడపాలి, ఎందుకంటే మోటారు అనవసరంగా తిరిగితే పోయేది కరెంటు ఖర్చు, తిరగకపోతే పోయేది పంట. ఎన్విరాన్‌మెంట్‌ను లాగ్ స్థాయికి మించి వాడను. ఒంగోలులోని ఒక సర్వర్ మీద కంటెయినర్‌లో నడిచే ప్రోగ్రాము అయితే నా ఎంపిక మారుతుంది: అక్కడ ఎన్విరాన్‌మెంట్‌ను రాసేది మనమే, మార్చడం తేలిక, ఫైళ్లు మోయడం బరువు. రహస్య పదాలను మాత్రం అక్కడ కూడా ఫైలులోనే ఉంచాలి, ఎందుకంటే అదే వాడుకరి కింద నడిచే ఇతర ప్రోగ్రాములు ప్రాక్ ద్వారా ఎన్విరాన్‌మెంట్‌ను చదవగలవు, పుట్టే ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ అది వారసత్వంగా పోతుంది.

ఏది ఎంచుకున్నా చదివే భాగాన్ని ఒక్క ఫంక్షన్‌గా వేరు చేసి, దాన్ని అడ్రస్ శానిటైజర్‌తో (జ్ఞాపకం హద్దు దాటడాన్ని పట్టిచ్చే కంపైలర్ సదుపాయం) కంపైల్ చేసి పరీక్షించాలి. మంచి కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి తీసుకుని, దాన్ని ఒక బైటు దగ్గర, రెండు బైట్ల దగ్గర, అలా చివరిదాకా ప్రతి స్థానంలోనూ కోసి, ఒక్కో ముక్కను ఆ ఫంక్షన్‌కు ఇచ్చి చూడండి. ఫోను నంబరు మధ్యలో తెగిన ముక్కను కూడా అది సరైన ఫైలుగా స్వీకరిస్తే, నంబరులో అంకెలు పది ఉన్నాయా అన్న పరీక్షతో పాటు, ఫైలు చివర ముగింపు వరుస ఒకటి ఉండి తీరాలన్న నియమం కూడా చేర్చాలి.